స్ట్రెయిట్ చేయించిన జుట్టు నుంచి మళ్ళీ మన ఉంగరాల జుట్టుకు: బెంగళూరు తెలుగమ్మాయిలు తరచుగా అడిగే ప్రశ్నలు

నాది ప్రొద్దుటూరు. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో మొదటిసారి రీబాండింగ్ చేయించుకున్నాను. ఉద్యోగానికి బెంగళూరు వచ్చాక కూడా ఏడాదికోసారి కుదుళ్ళ దగ్గర టచప్ చేయించుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపాను. ఆపేసి ఇప్పటికి నాలుగేళ్ళయింది. మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకమ్మాయి నా జుట్టు చూసి ఆగి అడిగింది. ఆమె తన రూమ్మేటుకు చెప్పింది. ఆ రూమ్మేటు కడపలో ఉన్న చెల్లెలికి చెప్పింది. ఇప్పుడు వారానికి ఇద్దరు ముగ్గురైనా వాట్సాప్‌లో ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. విడివిడిగా రాసిన జవాబులన్నీ ఒక్కచోట పెడుతున్నాను. నేను డాక్టర్ని కాదు, బ్యూటీషియన్ని కాదు. నా తల మీద జరిగింది, చదివి తెలుసుకున్నది, నాతో పాటు ఈ దారిలో నడిచిన అమ్మాయిల దగ్గర చూసింది మాత్రమే ఇక్కడ ఉంది.

నాకు చేసింది రీబాండింగా, స్మూతెనింగా, కెరటినా? పేరు గుర్తు లేదు. ఎలా తెలుస్తుంది?

పేరు గుర్తు లేకపోయినా ఆ రోజు ఏం జరిగిందో గుర్తుంటుంది కదా, దాన్ని బట్టి తేల్చుకోవచ్చు. నాలుగైదు గంటలు కూర్చోబెట్టి, ముక్కు మూసుకునేంత ఘాటు వాసన ఉన్న క్రీము రాసి, కడిగి, సన్న సన్న పాయలు తీసి ఇస్త్రీ చేసి, ఆ తర్వాత న్యూట్రలైజర్ అని ఇంకో క్రీము పట్టించి, మూడు రోజులు తల తడపొద్దు, జుట్టు చెవి వెనక్కి కూడా తొయ్యొద్దు అని పంపించారంటే అది రీబాండింగ్ గానీ స్మూతెనింగ్ గానీ అయ్యుంటుంది. రెండింట్లోనూ ఎక్కువగా వాడేది థయోగ్లైకోలేట్ అనే రసాయనమే. స్మూతెనింగ్‌లో ఘాటు తగ్గిస్తారు, అంతే. ఈ పద్ధతి 1990ల్లో జపాన్‌లో పుట్టి మన దగ్గరికొచ్చింది.

ఒకే ఒక్క ద్రవం రాసి, డ్రయ్యర్ పెట్టి, పొగలు వచ్చేలా ఇస్త్రీ చేశారంటే అది కెరటిన్ రకం. హెయిర్ బొటాక్స్, నానోప్లాస్టియా అని రకరకాల పేర్లతో చేసేవి కూడా చాలావరకు ఈ కుటుంబానివే. ఇవి మూడు నుంచి ఐదు నెలల్లో మెల్లగా వదిలిపోతాయి.

రిలాక్సర్ అనేది మరో రకం. అందులో సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారం ఉంటుంది. అమెరికాలో, ఆఫ్రికా దేశాల్లో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా వాడింది ఇదే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ట్రాన్సిషన్ (స్ట్రెయిట్ చేయించడం ఆపి సొంత జుట్టు పెరిగే దాకా ఆగడం), బిగ్ చాప్ (స్ట్రెయిట్ ముక్కను ఒకేసారి కత్తిరించేయడం) లాంటి మాటలతో సహా ఈ దారి మొత్తం వేసింది వాళ్ళే. సొంత జుట్టుతో ఉద్యోగానికి వెళ్ళే హక్కు కోసం పోరాడి 2019లో కాలిఫోర్నియాలో క్రౌన్ యాక్ట్ అనే చట్టం కూడా తెచ్చుకున్నారు. మనం వాళ్ళకు ఎంతో రుణపడి ఉన్నాం.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: థయో రకం చేసిన జుట్టు మీద క్షారం రకం, క్షారం రకం మీద థయో రకం ఎప్పుడూ వేయించుకోకూడదు. జుట్టు పిడికెళ్ళ కొద్దీ తెగి చేతిలోకి వస్తుంది.

స్ట్రెయిట్ చేసిన జుట్టు ఏదైనా నూనెతోనో మాస్కుతోనో మళ్ళీ ఉంగరాలు తిరుగుతుందా?

తిరగదు. అందరూ ముందు ఇదే అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఈ ఒక్కటీ అర్థమైతే మీ డబ్బు, కన్నీళ్ళు సగం మిగులుతాయి.

వెంట్రుక అంటే కెరటిన్ అనే ప్రోటీన్ పోగులు. ఆ పోగులను ఒకదానితో ఒకటి కట్టి ఉంచేవి ముఖ్యంగా రెండు రకాల ముడులు. ఒకటి హైడ్రోజన్ బంధాలు. నీళ్ళు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్ళీ కలుస్తాయి. ఇస్త్రీ పెట్టి నిటారు చేసుకున్న జుట్టు చినుకు పడగానే మళ్ళీ చుట్టుకుపోయేది అందుకే. రెండోది గంధకంతో ఏర్పడ్డ డైసల్ఫైడ్ బంధాలు. ఇవి గట్టివి, నీళ్ళకు లొంగవు. జుట్టు ఉంగరం ఆకారంలో నిలవడంలో వీటిదే పెద్ద పాత్ర. రీబాండింగ్ క్రీము సరిగ్గా వీటినే తెంపుతుంది. తెగిన పోగులను ఇస్త్రీతో నిటారుగా లాగి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్‌తో ఆ నిటారు ఆకారంలోనే మళ్ళీ ముడి వేస్తారు. ఆ ముడి ఇక ఊడదు.

చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకకు ప్రాణం ఉండదు. శరీరం దాన్ని బాగు చేయలేదు. మీరు ఏం రాసినా పైన నునుపు వస్తుంది తప్ప ఆకారం మారదు. అయితే క్రీము ఎంత ఘాటుదైనా, ఎన్నేళ్ళు వాడినా, వెంట్రుక ఎలా పుట్టాలో నిర్ణయించేది మాడు లోపల ఉన్న కుదురు. కుదురు వంకరగా ఉంటే వెంట్రుక ఉంగరంగానే పుడుతుంది. తొమ్మిదేళ్ళు నేను రాయించిన క్రీముల్లో ఒక్కటి కూడా నా కుదుళ్ళ ఆకారాన్ని మార్చలేదు. కాబట్టి ట్రాన్సిషన్ అంటే పాడైన జుట్టును బాగు చేసుకోవడమని అనుకోకండి. కొత్తది పెరిగే దాకా పాతదాన్ని తెగకుండా మోయడం, తర్వాత వదిలేయడం, పని అంతే.

కెరటిన్ చేయించుకున్నవాళ్ళకు మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. పైపూత వదిలిపోయాక చాలామందికి ఉంగరాలు తిరిగొస్తాయి. కానీ అప్పుడు పెట్టిన ఇస్త్రీ వేడి 200 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి చచ్చిపోయిన ఉంగరాలు మాత్రం రావు.

మొత్తం ఎంత కాలం పడుతుంది?

జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కాస్త ఎక్కువగా పెరుగుతుంది. నేను టేపు పెట్టలేదు, చేత్తో కొలిచాను. బెత్తెడు పెరగడానికి ఆరు నెలలు, జానెడు పెరగడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. ఇది తడిపి లాగి పట్టుకుంటే వచ్చే కొలత. ఆరాక ఉంగరం చుట్టుకుని సగమే కనిపిస్తుంది. ఆరు నెలల జుట్టు అద్దంలో మూడు నెలల జుట్టులా ఉంటుంది. అది చూసి 'నాకు పెరగడం లేదక్కా' అని రాసేవాళ్ళు చాలామంది. లాగి చూసుకోండి, పెరుగుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా కష్టం మూడో నెల నుంచి ఎనిమిదో నెల దాకా. నెత్తి మీద గుబురుగా లేస్తుంది, కింద చీపురు పుల్లల్లా వేలాడుతుంది. టచప్‌కు తిరిగి వెళ్ళిపోయేది ఎక్కువగా ఆ నెలల్లోనే. నేనూ ఐదో నెలలో అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ రోజు వాన పడి వెళ్ళలేకపోయాను. నాకు మొత్తం పంతొమ్మిది నెలలు పట్టింది.

అన్నాళ్ళు ఆగాలా? ఒకేసారి కత్తిరించేస్తే?

కత్తిరించేయొచ్చు. పొట్టి జుట్టుతో అద్దంలో మిమ్మల్ని మీరు చూసుకోగలిగితే అదే తేలికైన దారి. రెండు రకాల జుట్టును మోసే బాధ ఉండదు. రెండు మూడు అంగుళాలు పెరిగాక స్ట్రెయిట్ ముక్క మొత్తం తీసేస్తారు.

మనవాళ్ళకు ఇంకో దారి కూడా ఉంది. నాతో పని చేసే చిత్తూరమ్మాయి ఇంట్లో చెబితే వద్దంటారని ఏడాది మథనపడింది. చివరికి తిరుమల వెళ్ళి తలనీలాలు ఇచ్చేసింది. ఇక్కడి నుంచి తిరుపతి సుమారు 250 కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఆదివారం రాత్రికి తిరిగొచ్చింది. కల్యాణకట్టలో రూపాయి తీసుకోరు. సోమవారం గుండు మీద గంధంతో ఆఫీసుకొస్తే ఎవరూ ఎందుకని అడగలేదు, ప్రసాదం అడిగారు. వాళ్ళమ్మ అయితే సంతోషించింది. ఆమెకు మొక్కు నిజంగానే ఉంది, ఇదొక సాకు కాదు. భక్తి లేకుండా ఊరికే అందుకోసం వెళ్ళమని నేను చెప్పను.

గుండు చేయిస్తే జుట్టు దట్టంగా, ఇంకా ఎక్కువ ఉంగరాలతో వస్తుందంటారు, నిజమేనా?

కాదు. కుదురు మారదు కాబట్టి జుట్టూ మారదు. కత్తి తగిలిన చివర మొద్దుగా ఉండటం వల్ల మొదట్లో గరుగ్గా, దట్టంగా తోస్తుంది.

కొత్త జుట్టు, పాత జుట్టు కలిసే చోట పుటుక్కున తెగిపోతోంది. ఏం చేయాలి?

తెగేది అక్కడే. ఒక వెంట్రుకను కుదురు దగ్గర రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చివరి దాకా మెల్లగా జార్చి చూడండి. మొదట కాస్త గరుగ్గా, వంపులు వంపులుగా వేళ్ళకు తగులుతుంది. ఒకచోట ఉన్నట్టుండి నైలాను దారంలా జారిపోతుంది. ఆ చోటే హద్దు. రెండు వేర్వేరు గుణాలున్న పోగులు అక్కడ కలుస్తాయి, లాగినప్పుడు బలమంతా అక్కడే పడుతుంది.

పొడి జుట్టును దువ్వడం పూర్తిగా మానేయండి. తడి జుట్టుకు కండిషనర్ దండిగా పట్టించి, వేళ్ళతోనో, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతోనో చివర్ల నుంచి పైకి చిక్కు తీయండి. తీస్తున్నంతసేపూ ఎడమ చేత్తో ఆ హద్దుకు కాస్త కింద గట్టిగా పట్టుకోండి. అప్పుడు లాగుడు హద్దు దాకా రాదు. మా నాయనమ్మ నా చిన్నప్పుడు నొప్పి తెలియకుండా చిక్కు తీసింది సరిగ్గా ఇలాగే, కుదురు దగ్గర పిడికిలి బిగించి పట్టుకుని. బిగుతు రబ్బరు బ్యాండు ఆ హద్దు మీద వేయకండి. గుడ్డ చుట్టిన బ్యాండు గానీ, పెద్ద క్లచ్ క్లిప్పు గానీ మంచిది. రెండు నెలలకోసారి అంగుళం చివర్లు తీసేస్తే బరువు తగ్గి తెగడమూ తగ్గుతుంది.

తలస్నానం రోజు మీరు అసలు ఏం చేస్తారు?

ఆదివారం పొద్దున, తీరిగ్గా. షాంపూ మాడుకు మాత్రమే. గోళ్ళతో కాకుండా వేలి కొసలతో రుద్దుతాను. ఆ నురగ కిందికి కారేటప్పుడు చివర్లకు అదే చాలు. తర్వాత కండిషనర్, పైన చెప్పినట్టు చిక్కు. కడిగేశాక జుట్టులోంచి నీళ్ళు కారుతుండగానే, తువ్వాలు తాకకముందే, తల వంచి జెల్ పట్టిస్తాను. రెండు అరచేతుల్లో రాసుకుని, పాయను చివరి నుంచి కుదురు వైపు పిడికిట్లోకి నొక్కితే జిగురు జిగురుగా చప్పుడు రావాలి. ఆ చప్పుడు రాకపోతే నీళ్ళు చాలలేదని అర్థం, ఇంకో చారెడు చిలకరిస్తాను. అప్పుడు పాత కాటన్ టీషర్టుతో ఒత్తి వదిలేస్తాను. మామూలు తువ్వాలు పెట్టి రుద్దితే పొరలన్నీ లేచి పీచులా తయారవుతుంది.

ఆరే దాకా చెయ్యి పెట్టకూడదు. అదే అందరికీ కష్టం. ఆరాక జుట్టు జెల్‌తో బిరుసెక్కి ఉంటుంది, అప్పుడు మెల్లగా నలిపితే మెత్తబడి ఉంగరాలు విడుతాయి.

ట్రాన్సిషన్‌లో ఉన్నవాళ్ళకు కింద నిటారు ముక్క ఈ పద్ధతికి లొంగదు. దానికి నేను రాత్రి తడి జుట్టును ఏడెనిమిది చిన్న పాయలు చేసి, ఒక్కోదాన్నీ రెండు పోగులుగా మెలిపెట్టి, పాత కాటన్ చీర పీలికలు చివర చుట్టి ముడేసేదాన్ని. పొద్దున విప్పితే పైనా కిందా ఒకే రకంగా ఉండేది. ఆఫీసుకు వెళ్ళే పంతొమ్మిది నెలలూ నన్ను కాపాడింది ఆ చీర పీలికలే.

మా పీజీలో బోరు నీళ్ళు. ఊళ్ళో బాగానే ఉండే జుట్టు ఇక్కడికొచ్చాక పీచైపోయింది. ఏం చేయను?

బెంగళూరులో ఉన్న మనందరి బాధా ఇది. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు చాలా భవనాలకు ఏళ్ళ తరబడి బోర్లు, ట్యాంకర్లే దిక్కు. కావేరి నీళ్ళు సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసి తేవాలి. ఐదో దశ పథకం 2024 అక్టోబరులో మొదలై నగరంలో కలిసిన 110 గ్రామాల ప్రాంతానికి నీళ్ళిస్తోంది గానీ, మీ భవనానికి కనెక్షన్ ఉందో లేదో మీ యజమానినే అడగాలి.

మీ నీళ్ళు గట్టివో కావో చూడటానికి పరికరాలేం అక్కర్లేదు. కుళాయి మూతి దగ్గర, బకెట్టు అంచున తెల్లగా గార కట్టిందా? సబ్బు నురగ రాకుండా తెట్టులా తేలుతోందా? అయితే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నట్టే. తాగే నీటికి మన ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మంచిది. కుళాయికి తగిలించే చిన్న ఫిల్టర్లు క్లోరిన్ తగ్గిస్తాయేమో గానీ ఈ కాఠిన్యాన్ని తీయలేవు. అందుకు ఉప్పుతో నడిచే సాఫ్టెనర్ కావాలి. పీజీలో అది మన చేతిలో ఉండదు.

నేను పీజీలో ఉన్నప్పుడు చేసింది: తలస్నానమంతా బోరు నీళ్ళతోనే కానిచ్చి, చివర రెండు లీటర్లు మాత్రం తాగే నీళ్ళ క్యాన్‌లోంచి పట్టుకుని మగ్గుతో మెల్లగా పోసుకునేదాన్ని. మూడు వారాలకోసారి గట్టి నీళ్ళ గార తీసే చీలేటింగ్ షాంపూ వాడాను. సీసా వెనక పదార్థాల జాబితాలో ఈడీటీఏ అన్న మాట మొదట్లోనే కనబడాలి, చివర్లో ఉంటే అది షాంపూ నిలవ ఉండటానికి వేసింది. అది వాడిన రోజు జుట్టు పొడిబారుతుంది, కండిషనర్ ఎక్కువసేపు ఉంచండి.

గట్టి నీళ్ళు వెంట్రుకను గరుగ్గా చేస్తాయి, చిక్కుపడి తెగేలా చేస్తాయి. కుదుళ్ళతో సహా గుప్పెళ్ళుగా రాలుతుంటే మాత్రం నీళ్ళను తిట్టుకుంటూ కూర్చోకండి, కింది ప్రశ్న చూడండి.

జుట్టు విపరీతంగా రాలుతోంది. ట్రాన్సిషన్ వల్లేనా?

ముందు అది కుదురు నుంచి రాలుతోందా, మధ్యలో తెగుతోందా చూడండి. నేల మీద పడ్డ వెంట్రుకలు నాలుగు తీసి తెల్ల కాగితం మీద పెట్టండి. ఒక కొసన ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి బుడిపె ఉంటే కుదురు నుంచి రాలింది. రెండు కొసలూ దారం తెగినట్టుంటే అది మధ్యలో తెగింది. తెగేది అయితే పైన చెప్పిన జాగ్రత్తలతో తగ్గుతుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. వారానికోసారి దువ్వే మనకు అవన్నీ ఒకేరోజు చేతికొస్తాయి, చూసి భయపడకండి.

అంతకు మించి రాలుతుంటే రెండు మూడు నెలలు వెనక్కి వెళ్ళి ఆలోచించండి. జ్వరం, కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకున్న డైటింగ్, ఇలాంటివి జరిగిన కొన్ని నెలలకు జుట్టు రాలుతుంది. చర్మ వైద్యుల దగ్గరికి వెళ్తే ఐరన్ నిల్వలు, థైరాయిడ్ చూస్తారు. మాడు మీద పుండ్లు, నున్నటి మచ్చలు, నుదుటి అంచున వెనక్కి జరగడం కనబడితే ఒక్క వారం కూడా ఆగకండి.

కుంకుడుకాయ, సీకాయ, కొబ్బరి నూనె వాడొచ్చా? అవన్నీ మానేయమంటున్నారు.

ఎవరు మానేయమన్నారో గానీ, వాళ్ళు మన వంటింటి అల్మరా చూసుండరు. కొబ్బరి నూనెలో లారిక్ ఆమ్లం ఎక్కువ. చాలా నూనెలు పైన పొరగా ఉండిపోతే ఇది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగేటప్పుడు ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుంది. తలస్నానానికి గంట ముందు, ముఖ్యంగా ఆ స్ట్రెయిట్ ముక్కకు, పట్టించండి. ఆముదం జిడ్డు వదలదు, చిక్కు తెస్తుంది, నాకు పడలేదు.

కుంకుడు రసం బాగా శుభ్రం చేస్తుంది. బాగా అంటే కొంచెం ఎక్కువే. రసాయనం తిన్న జుట్టు మీద ప్రతి వారం వాడితే గడ్డిలా అవుతుంది. పండక్కో, నెలకోసారో చాలు, తర్వాత కండిషనర్ తప్పనిసరి. నాలుగు మందారాకులు నలిపి కలిపితే జిగురొచ్చి కాస్త మెత్తగా ఉంటుంది. మల్లేశ్వరంలోనో చిక్‌పేటలోనో గ్రంధిగె అంగడికి (మూలికలు, పూజ సామాన్లు అమ్మే కొట్టు) వెళ్తే ఇవన్నీ దొరుకుతాయి. కుంకుడుకాయను అంటువాళకాయి అని, సీకాయను సీగెకాయి అని అడగాలి.

మెంతులు నానబెట్టి రుబ్బిన ముద్ద మంచిదే. కానీ ఉంగరాల్లోంచి ఆ పలుకులు వదిలించుకోవడానికి గంట పడుతుంది. నానిన నీళ్ళు వడకట్టి అవి మాత్రం వాడండి.

జెల్ బయట 600, 700 రూపాయలుంది. ఇంట్లో చేసుకోవచ్చా?

నిక్షేపంగా. అవిసె గింజలు, ఇక్కడ అగసె అంటారు, రెండు టేబుల్ స్పూన్లు, నీళ్ళు రెండు గ్లాసులు. గిన్నెలో వేసి సన్న సెగ మీద కలుపుతూ ఉండాలి. ఏడెనిమిది నిమిషాలకు గరిటె ఎత్తితే గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. ఆ తీగ కనబడ్డ క్షణం దింపేయాలి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే ముద్దయి గుడ్డలోంచి దిగదు. వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టి, పటకారుతో పిండండి. చల్లారనిస్తే గింజలు జెల్‌ను వదలవు. మొదటిసారి నేను చల్లారబెట్టి, గింజలతో సహా పారబోశాను. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పుల్లటి వాసన వస్తే పడేయండి.

హెల్మెట్ పెట్టుకుంటే అంతా అణిగిపోతోంది.

శాటిన్ గుడ్డ ఒకటి తలకు చుట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకోండి. ఆఫీసుకెళ్ళాక నీళ్ళు చిలకరించిన వేళ్ళతో కుదుళ్ళ దగ్గర లేపితే చాలు. హెల్మెట్ మాత్రం మానకండి. రాత్రి దిండుకు కూడా శాటిన్ గలీబు మంచిది.

ఒక్కసారి కెరటిన్ చేయించుకుని ఈ మధ్య కాలం గట్టెక్కమని సెలూన్‌లో చెబుతున్నారు. చేయించుకోనా?

వద్దు. నేను చేయించుకున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫార్మాల్డిహైడ్ లేదని చెప్పారు. ఇస్త్రీ పెట్టగానే కళ్ళలోంచి ధారగా నీళ్ళు, గొంతులో మంట. నాకు చేస్తున్న మణిపురీ అమ్మాయి మాస్కు మీద మాస్కు వేసుకుని, మాటిమాటికీ బయటికెళ్ళి దగ్గుతోంది. నాకది ఒక్క పూట, ఆమెకది రోజూ. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. ఇప్పుడు 'ఫార్మాల్డిహైడ్ రహితం' అని రాసి, చాలా వాటిల్లో గ్లైఆక్సిలిక్ ఆమ్లం వేస్తున్నారు. ఒక 26 ఏళ్ళ యువతికి ఆ ఆమ్లం ఉన్న క్రీముతో స్ట్రెయిట్ చేయించుకున్న మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయని 2024లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. చేయించుకున్నాక వాంతులు, నడుము నొప్పి, మూత్రం తగ్గడం లాంటివి ఉంటే నేరుగా ఆస్పత్రికి వెళ్ళి ఈ సంగతి చెప్పండి.

ఇంకొకటి. 2022లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 33 వేల మందికి పైగా స్త్రీలను దాదాపు 11 ఏళ్ళు గమనించి రాసిన నివేదికలో, స్ట్రెయిటెనింగ్ ఉత్పత్తులు ఎప్పుడూ వాడనివాళ్ళలో 70 ఏళ్ళు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమైతే, ఏడాదికి నాలుగుసార్ల కన్నా ఎక్కువ వాడినవాళ్ళలో 4.05 శాతమని అంచనా వేశారు. రెండింటికీ సంబంధం కనబడిందన్నారు తప్ప ఇదే కారణమని అందులో తేల్చలేదు. ఏడాదికోసారి చేయించుకున్నవాళ్ళు బెంబేలెత్తిపోవద్దు. మానేయడానికి మాత్రం ఇదొక్కటి నాకు చాలు.

గర్భవతిని. ఇప్పుడు టచప్?

వద్దమ్మా. పాలిచ్చినన్నాళ్ళు కూడా వద్దు.

నా జుట్టు 2బియా, 3ఏనా?

ఇవి జుట్టు వంపును బట్టి రకాలకు పెట్టిన అంకెలు. ఒకే తల మీద మూడు రకాలుంటాయి. నాకు మెడ దగ్గర చిన్న స్ప్రింగులు, నెత్తిన వట్టి అలలు. ఏ అంకె అయినా తలస్నానం చేసే తీరు పెద్దగా మారదు, దాని మీద సమయం పెట్టకండి.

అమ్మ, అత్త, పిన్ని, అందరూ 'చింపిరి జుట్టు' అంటున్నారు. తట్టుకోలేకపోతున్నాను.

ఇది జుట్టు ప్రశ్న కాదని నాకు తెలుసు. మనం తొలిసారి స్ట్రెయిట్ చేయించుకున్నది కూడా ఈ మాట పడలేకే కదా.

ఆపేసిన ఎనిమిదో నెలలో ఉగాదికి ఇంటికెళ్ళాను. బస్సు దిగగానే అమ్మ 'ఏంది పాపా, తల దువ్వుకోకుండానే వచ్చినావు?' అంది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా అమ్మది కూడా ఉంగరాల జుట్టే. కానీ నేనెన్నడూ దాన్ని విప్పి చూడలేదు. పొద్దున్నే నూనె పెట్టి, సన్న పళ్ళ దువ్వెనతో లాగి లాగి, బిగించి జడేసుకునేది. ఉంగరం కనబడటమంటే ఒళ్ళు శుభ్రంగా లేదన్నట్టు వాళ్ళను పెంచారు. అమ్మ నన్ను తిట్టడం లేదు, ఆమెను తిట్టినవాళ్ళ మాట నాకు అప్పజెబుతోంది.

పండగ రోజు తలంటు అయ్యాక అమ్మను మిద్దె మీద కూర్చోబెట్టి, నేను తెచ్చుకున్న కండిషనర్, జెల్ ఆమె తలకు పెట్టాను. దువ్వొద్దమ్మా, ఆరనియ్యి అన్నాను. గంటన్నర ఎండలో కూర్చుంది. నెరిసిన జుట్టు, చూపుడు వేలికి సరిపోయే ఉంగరాలు. అద్దం ఇస్తే చాలాసేపు చూసుకుని, 'మా అమ్మ జుట్టు ఇట్లనే ఉండె' అంది. మధ్యాహ్నానికి మళ్ళీ జడేసుకుందనుకోండి. కానీ ఆ తర్వాత నా జుట్టును ఒక్క మాట అనలేదు.

అందరి ఇళ్ళలో ఇలా జరగదు. అత్తగారి దగ్గరైతే వాదించకుండా, పండగ పూట నీళ్ళూ జెల్లూ రాసి వదులుగా జడేసుకుని పూలు పెట్టుకోండి. జడలో ఉన్నా ఉంగరం పెరగడం ఆగదు. ఆఫీసులో మాత్రం 'ఈరోజు ఏమైంది జుట్టుకు' అన్నవాళ్ళకు 'ఇదే నా జుట్టు' అని చెప్పండి, నవ్వుతూనే. ఇక్కడ మా కన్నడ పక్కింటామె మాత్రం మొదటి రోజే 'గుంగురు కూదలు, ఎష్టు చెన్నాగిదె' (ఉంగరాల జుట్టు, ఎంత బాగుందో) అంది. అలాంటి ఒక్క మాట దొరికితే దాచుకోండి.

ఎనిమిది నెలల్లో పెళ్ళి. పూలజడ ఎలా?

పూలజడకు మీ జుట్టు పొడవుతో పెద్దగా పనిలేదు, సవరం కలిపి అల్లి దాని మీద పూలు కుడతారు. ఉంగరాల జుట్టుకు పిన్నులు జారవు, కొప్పు కూడా బాగా నిలుస్తుంది. మేకప్ చేసేవాళ్ళతో నెల ముందు ఒక ట్రయల్ పెట్టుకోండి. ఇస్త్రీ వద్దని, స్ప్రే కొట్టి పొడి జుట్టును వెనక్కి దువ్వి చిక్కు చేయొద్దని ముందే చెప్పండి. సవరం కట్టేటప్పుడు బరువు హద్దు మీద పడకుండా కుదురు దగ్గర నుంచి కలిపి అల్లమనండి. ఒక్క రోజు కోసం రీబాండింగ్ చేయించుకుంటే మళ్ళీ మొదటి నెల నుంచి మొదలు.

మా పాపకు తొమ్మిదేళ్ళు. బడిలో ఏడిపిస్తున్నారని స్ట్రెయిట్ చేయించమంటోంది.

చేయించకండి. పిల్లల మాడు సున్నితం, క్రీము తగిలితే కాలుతుంది. ఆ వయసులో పాపకు కావాల్సింది నొప్పి లేకుండా చిక్కు తీసే చేతులు. తడిపి, కండిషనర్ రాసి, కథ చెబుతూ తీయండి. బడికి రెండు జడలే వేయాలంటే ముందు నీళ్ళు చల్లి జెల్ రాసి వేయండి, వెంట్రుకలు లేవవు. ఇంకా మీరు కూడా స్ట్రెయిట్ చేయించుకుంటూ ఉంటే పాపకు మీరు చెప్పే మాట కన్నా మీ తలే ఎక్కువ చెబుతుంది.

కొత్తగా వచ్చిన ఉంగరాలు చిన్నప్పటిలా లేవు. పాడైపోయాయా?

ఆరేడు అంగుళాలు పెరిగే దాకా ఏ నిర్ణయానికీ రాకండి. కింద ఉన్న నిటారు ముక్క బరువుకు పైన ఉంగరం సాగిపోయి ఉంటుంది. అదీ కాక యుక్తవయసు, కాన్పు, థైరాయిడ్, వయసు, వీటితో జుట్టు తీరు కొంత మారుతుంది. మీ పదేళ్ళప్పటి ఫొటోతో పోల్చుకోకండి.

చివరి స్ట్రెయిట్ ముక్క ఎప్పుడు, ఎక్కడ కత్తిరించాలి?

మిగిలింది నాలుగు వేళ్ళ వెడల్పు కన్నా తక్కువైతే ఇక మోయడం అనవసరం. ఉంగరాల జుట్టును ఆరిన తర్వాతే కత్తిరించగలవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. తడిపి దువ్వి, గీత గీసినట్టు కత్తిరిస్తే ఆరాక ఒకవైపు చెవి దాకా, ఇంకోవైపు భుజం దాకా ఉంటుంది. కూర్చునే ముందే అడగండి: 'ఆరిన జుట్టు మీదే కత్తిరిస్తారా? చివర బ్లో డ్రై చేయకుండా వదులుతారా?' తటపటాయిస్తే లేచి వచ్చేయండి, మొహమాటపడకండి.

నేను ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. ఒక శనివారం రాత్రి జుట్టు తడిపితే ఉంగరాలు చుట్టుకున్నాయి, స్ట్రెయిట్ ముక్కలు మాత్రం వాటి కింద నీళ్ళోడుతూ వేలాడుతున్నాయి. ఏది ఉంచాలో ఏది తీయాలో అప్పుడు కంటికి స్పష్టంగా కనిపించింది. మా రూమ్మేటు ఫోను లైటు పట్టుకుంది. గుడ్డలు కోసే కత్తెర కాకుండా జుట్టు కత్తెరే కొనుక్కున్నాను, మొద్దు కత్తెరకు చివర్లు చిట్లుతాయి. దువ్వి ఒకే గీతలో కాకుండా ఒక్కో పాయ తీసుకుని, హద్దుకు అర అంగుళం పైన, ముప్పావు గంటలో అయిపోయింది. వెనక వైపు తను కత్తిరించింది. వాష్‌బేసిన్‌లో పడ్డ ముక్కలన్నీ ఏరి కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, పదకొండింటికి ఇద్దరం కిందికెళ్ళి దోసె తిని వచ్చాం. మెడకు గాలి తగులుతోంది.